కంచాలు కలిపిన మనిషి

పోయిన ఆదివారం సమాధుల దొడ్డిలో మా పాస్టరుగారు నిలబడి, మా వదినగారిని గురించి "ఆమె సాధుస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి" అన్నారు. మట్టి వేయడానికని పిడికిట్లో మన్ను పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆయన మొహంకేసి అలాగే చూస్తుండిపోయాను. ఆయన కొత్తగా వచ్చినవారు. ఎవరో నాలుగు మంచి మాటలు చెప్పమని ఉంటారు, ఆయన చెప్పారు. తప్పు ఆయనది కాదు. కానీ నాకు ఒళ్ళు మండింది. ఆవిడ చేత మాటపడని మనిషి ఈ అమీర్‌పేటలో ఎవరైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. మామగారు పడ్డారు, మా ఆయన పడ్డారు, హాస్టలు దొరసాని పడింది, నేనైతే లెక్కలేనన్నిసార్లు పడ్డాను. మనిషి పోగానే ఆ మనిషిలోని పొగరంతా తీసేసి, మెత్తగా చేసి పడుకోబెట్టడం నాకు నచ్చదు. అందుకే ఇది రాస్తున్నాను.

వదినగారంటే మా ఆయనకు పెద్దక్క. బేగంపేట దిక్కున ఆడపిల్లల హాస్టల్లో వంటలమీద పెత్తనం ఆవిడది. పొడగరి, నల్లటి మనిషి. కొంగు ఎప్పుడూ నడుముకు బిగించే ఉండేది. చేతిలో మగవాళ్ళ గొడుగు ఒకటి. ఎండకు పట్టగా నేను చూడలేదు, వానకు పట్టగా చూడలేదు. ఎదురుగా వచ్చే ఎడ్లబండిని ఆపడానికి, కుక్కను అదిలించడానికి, మాట్లాడుతున్న మనిషిని మధ్యలో నిలపడానికి వాడేవారు. ఆవిడ నోట రోజుకు పదిసార్లు వినబడే మాట ఒకటుంది: "ఎవలు చెప్పిండ్రు?"

పెళ్ళయిన మూడో ఏడే భర్త పోయాడట. చర్చిలో విధవరాళ్ళు వెనక బల్లల మీద కూర్చుంటే బాగుంటుందని ఎవరో పెద్దమనిషి సలహా ఇస్తే, "ఎవలు చెప్పిండ్రు? ఏసుప్రభువు చెప్పిండా, నువ్వు చెప్తున్నవా?" అని అడిగి, మరుసటి ఆదివారం ఎర్రంచు చీర కట్టుకుని మొదటి బల్ల మీద కూర్చున్నారట. చనిపోయే ముందు ఆదివారం దాకా ఆ చోటు మారలేదు. తల్లి లేని తమ్ముళ్ళిద్దరినీ సంకనేసుకుని పెంచింది ఆవిడే. పెద్ద తమ్ముడు మా బావగారు, చిన్న తమ్ముడు మా ఆయన.

ఇంతకీ ఆవిడను నాకు బాగా చూపించింది హాస్టలు కాదు, చర్చి కాదు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో జరిగే విందు.

మా ఇంట్లో ప్రతి మనిషికీ ఒక ఇత్తడి కంచం. వదినగారి మాటలో తలె. అంచుమీద పేరు కొట్టించి ఉండేది. ఎవరి కంచంలో వారే తినాలి, ఏడాదంతా అదే పద్ధతి. ఒక క్రిస్మస్‌కు ముందు కళాయి పూయడానికి కంచాలన్నీ పట్టుకెళ్ళినవాడు, పండగరోజు అందరూ చాపల మీద కూర్చున్నాక తీసుకొచ్చాడట. ఆ తొందరలో పేర్లు చూడకుండా వడ్డించేశారు వదినగారు. సగం తిన్నాక మామగారు అంచు తుడిచి చూసుకుంటే చిన్నకొడుకు పేరు. "నా తలె ఏది? ఎవడు తింటుండు అండ్ల?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచారట. వదినగారు గరిటె పట్టుకుని వచ్చి, "తలె పిలగానిదైతే ఏమాయె? ఇయ్యాల నువ్వే పిలగాడివి. ఒర్లకు, ముక్కేస్త" అన్నారట. మామగారు కాసేపు కూతుర్ని గుడ్లురిమి చూసి, ఉన్నట్టుండి కింది పెదవి ముందుకు పెట్టి, "నాకు మూలుగ బొక్క కావాలె, ఊఁ" అని మూలుగ ఎముక కోసం ఏడుపు మొదలుపెట్టారట. ఇదంతా మా ఆయన చెప్పిందే. ఆయన చెప్పినప్పుడల్లా మామగారు పక్కనే ఉండి, "నేనట్ల ఏడ్వలే" అనేవారు.

అప్పటినుంచి అది ఆచారమైపోయింది. క్రిస్మస్ రోజు కంచాలన్నీ దుప్పటి కింద పెడతారు. ఒక్కొక్కరూ వచ్చి, చెయ్యి లోపల పెట్టి ఒకటి లాగాలి. ఎవరి పేరున్న కంచం వస్తే, భోజనం ముగిసి చివరి ప్రార్థన అయ్యేదాకా వాళ్ళలాగే మాట్లాడాలి, వాళ్ళలాగే తినాలి, వాళ్ళలాగే అలగాలి. మరిచిపోయి సొంత గొంతుతో మాట్లాడితే కంచంలో ఒక ముక్క పోతుంది. తీసేది వదినగారు. మేకమాంసంతో వండే ఆ యాటకూరలో ముక్కలు ఏరడంలో ఆవిడ చెయ్యి తప్పేది కాదు, ఎప్పుడూ పెద్దదే దొరికేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి క్రిస్మస్‌కు నా పేరున కొత్త కంచం వచ్చింది. మాది గుంటూరు వైపు. ఈ ఊరి మాట చెవికి పట్టడానికే నాకు ఆరు నెలలు పట్టింది. దుప్పటి కింద చెయ్యి పెట్టి లాగితే, నా ఖర్మ, వదినగారి కంచమే వచ్చింది. "ఇంక నువ్వే నేను. లే, వడ్డించు" అన్నారావిడ, చాప మీద హాయిగా చతికిలబడి.

లేచాను. గరిటె పట్టుకుని మామగారి దగ్గరకు వెళ్ళి, "కొంచెం అన్నం వేయమంటారాండీ?" అన్నాను. వదినగారు లేచి వచ్చి నా కంచంలో ముక్క తీసేశారు. "నేనెన్నడన్న గట్ల అడిగిన్నా?" అన్నారు. ఈసారి జాగ్రత్తగా, "ఏంటి, అప్పుడే చాలా?" అన్నాను. మాట గుంటూరుదే. రెండో ముక్క పోయింది. బావగారు పడీపడీ నవ్వుతున్నారు. నా కంచంలో మిగిలింది ఒక్కటే ముక్క. పొద్దున్నుంచి మసాలాలు నూరింది నేను, ఉల్లిపాయలకు ఏడ్చింది నేను. కోపం ముంచుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టి, మామగారి ఎదురుగా నిలబడి, "సాలని ఎవలు చెప్పిండ్రు? తిను!" అని గరిటెడు బగారన్నం ధభాలున వేశాను. ఇల్లంతా నవ్వుతో అదిరింది. వదినగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, తీసిన రెండు ముక్కలూ నా కంచంలో వేసి, "పిల్లకు నోరొచ్చింది" అన్నారు. నిజమే. ఆ ఇంట్లో నాకు నోరొచ్చింది ఆ రోజే. ఆ తర్వాత మా ఆయన ఎన్నోసార్లు ఆ రోజును తిట్టుకున్నారు.

ఆ దుప్పటి కింద ఒక కంచం మా ఇంట్లో మనిషిది కాదు. అది మల్లమ్మది. మల్లమ్మ బల్కంపేట మనిషి, హాస్టల్లో పాయిఖానా దొడ్లు కడిగే ఆమె. వదినగారికంటే పదేళ్ళు పెద్ద. మా మతం కాదు. హాస్టల్లో క్రిస్మస్ విందు రోజు అందరికీ లోపల వడ్డించి, మల్లమ్మకు మాత్రం గుమ్మం బయట విస్తట్లో పడేయడం వదినగారు ఒక ఏడు చూశారు. దొరసానితో పోట్లాడారు. పోట్లాట ఏమైందో నాకు తెలియదు గానీ, ఆ మరుసటి ఏడు ఇత్తడి కంచం కొని, అంచుమీద మల్లమ్మ పేరు కొట్టించి, ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. మల్లమ్మకు చదువు రాదు. వచ్చినప్పుడల్లా తన కంచం వెతికించుకుని, ఆ చుక్కల అక్షరాల మీద వేలుతో రాసుకుంటూ, "గిదేనా నేను?" అని అడిగేది. "గదే నువ్వు" అనేవారు వదినగారు.

ఆటలో మాత్రం మల్లమ్మ ఎందుకూ పనికొచ్చేది కాదు. ఎవరి కంచం వచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడమే. ఆమెకు ముక్కలు పోయేవి కావు. ఆ ఒక్క విషయంలో వదినగారు పక్షపాతి.

యుద్ధం రోజుల్లో బియ్యం దొరకని క్రిస్మస్ ఒకటి వచ్చింది. వదినగారు జొన్నగటక వండి, "ఇది బగారన్నం. కాదన్నోళ్ళకు ముక్క లేదు" అన్నారు. అందరం వాసన చూసి, ఆహా లవంగం, ఓహో షాజీరా అని మెచ్చుకుంటూ తిన్నాం. మామగారు పోయాక వచ్చిన మొదటి పండగ అది. ఆయన కంచం కూడా దుప్పటి కింద పెట్టారావిడ. అది మా ఆయనకొచ్చింది. ఆయన మామగారిలా గొంతు సవరించుకుని, "నేనట్ల ఏడ్వలే" అన్నారు. మేమందరం నవ్వాం, అందరం ఏడ్చాం.

ఆ మరుసటి ఏడు గొడవ వచ్చింది.

బావగారు అప్పటికి సర్కారు ఆఫీసులో పెద్ద గుమాస్తా అయ్యారు. పంజాగుట్టలో వేరే ఇల్లు తీసుకున్నారు. కోటు తొడిగేవారు, జేబులో గొలుసు గడియారం. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పేముందు గడియారం తీసి చూసి, రెండుసార్లు దగ్గేవారు. ఆయన మామగారు సికింద్రాబాదులో సంఘపెద్ద. తెల్లటి మీసాలు, గంభీరమైన మనిషి. ఆ ఏడు ఆయన్ను మా ఇంటి విందుకు పిలిచారు బావగారు. ముందురోజు సాయంత్రం వచ్చి, పెరట్లో వదినగారిని పక్కకు పిలిచి మాట్లాడారు. నేను గరిజెలు, మా వైపు కజ్జికాయలంటాం, వత్తుకుంటూ వంటింటి గుమ్మంలో కూర్చుని అంతా విన్నాను.

"అక్కా, ఒక్కటే మాట" అన్నారు బావగారు, గడియారం చూసి, రెండుసార్లు దగ్గి. "గా మల్లమ్మ తలె ఈసారి తియ్యి. మా మామ వస్తుండు. అది ఎవలి చేతులకు పోతదో ఏమో. ఆయనకే వస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"తియ్య" అన్నారు వదినగారు.

"ఆమెకు వేరేగ పెట్టు. వద్దంటలేను గద."

"ఏరేగ పెట్టేటందుకు హాస్టలు ఉన్నది. ఇది ఇల్లు."

బావగారు విసురుగా వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక చూస్తే, పెరటి గోడకు అవతల మల్లమ్మ కట్టెలు చీలుస్తోంది. పండగ పనికని ముందురోజే వచ్చింది. విన్నదో లేదో ఆమె మొహం చూస్తే తెలియలేదు. నేను అడగలేదు, సిగ్గేసింది.

మరునాడు అందరం కూర్చున్నాం. ముందు పెద్దాయన, బావగారి మామ, దుప్పటి కింద చెయ్యి పెట్టారు. వచ్చింది మా నాలుగేళ్ళ అమ్మాయి కంచం. మేమందరం బిగుసుకుపోయాం. ఆయన పేరు చదివి, పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకుని, మా అమ్మాయిని ఒకసారి తేరిపార చూశారు. తర్వాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నాలుక బయటపెట్టి, రెండు చేతులూ ఆడిస్తూ, "కారం! కారం! నీళ్ళు!" అని కేకలు పెట్టారు. అంత పెద్ద మీసాల మనిషి! మా అమ్మాయే భయపడి నీళ్ళు తెచ్చిచ్చింది. బావగారికి తప్ప అందరికీ ప్రాణం లేచొచ్చింది.

మల్లమ్మ వంతు వచ్చింది. ఆమె లాగిన కంచం మీద పేరు మా ఆయన చదివారు. బావగారిది.

మల్లమ్మ ఎప్పటిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. లేచి నిలబడింది. చీర చెంగును కోటులా సవరించుకుంది. లేని జేబులోంచి లేని గడియారం తీసి చూసింది. రెండుసార్లు దగ్గింది. అచ్చం ఆయనే. నవ్వుతో పెద్దాయనకు పొలమారింది. మల్లమ్మ వదినగారి వైపు తిరిగి, బావగారి గొంతుతో అంది: "అక్కా, ఒక్కటే మాట. గా మల్లమ్మ తలె ఈసారి తియ్యి. మా మామ వస్తుండు. నా ఇజ్జత్ పోతది."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. మల్లమ్మ కూర్చుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.

బావగారు లేచారు. "నువ్వు నేర్పినవా దీనికి?" అన్నారు అక్కతో.

"నేనెందుకు నేర్పుత? నిన్న నువ్వే నేర్పినవ్."

"తలె ఉంటదా, నేనుంటనా, చెప్పు."

వదినగారి చేతిలో గరిటె ఉంది. దాన్ని మెల్లగా గిన్నెలో పెట్టారు. "తలె ఉంటది. ఉంటవో పోతవో, గది నీ ఇష్టం."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. తోటికోడలు కళ్ళనీళ్ళతో ఆయన వెంట వెళ్ళింది. ఎవరికోసమైతే ఇజ్జత్ అన్నారో ఆ పెద్దాయన మాత్రం కదలలేదు. "నేను నాలుగేండ్ల పిల్లను. నాకు పెద్దోళ్ళ పంచాయితీ తెల్వది" అని కంచం ముందుకు జరుపుకున్నారు. మల్లమ్మ లేవబోతే వదినగారు, "కూసో. లేస్తే కాళ్ళిరగ్గొడత" అన్నారు. చివరి ప్రార్థన ఎప్పటిలాగే ఆవిడే చేశారు. అందరూ వెళ్ళాక అంట్ల దగ్గర మాత్రం, మాడిన గిన్నెను బూడిద పెట్టి తోముతూ, తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ, ముక్కు చీదుతూ చాలాసేపు కూర్చున్నారు. గిన్నె ఎప్పుడో తెల్లబడింది, ఆవిడ తోమడం ఆపలేదు. తన చేతులమీద పెరిగిన బిడ్డ. నాకు ఆవిడ మీద జాలేసింది, జాలిపడితే ఊరుకోరని దగ్గరకు వెళ్ళలేదు.

తర్వాత మూడేళ్ళు బావగారు రాలేదు. ఆయన కంచం మాత్రం కళాయి పూయించుకుని ప్రతి ఏడూ దుప్పటి కిందకు వచ్చేది. ఆటకు పద్ధతి ఉంది కదా, ఆ కంచం వచ్చినవాళ్ళు ఆయనలా చేయాలి. మొదటి ఏడు మా ఆయనకు వచ్చింది. రెండుసార్లు దగ్గి, తినకుండా అలిగి లేచి, వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డారు. మేమందరం వెళ్ళి గడ్డం పట్టుకుని బతిమాలి లోపలికి తెచ్చాం. రెండో ఏడు నాకు వచ్చింది. నేనూ అలిగాను, నన్నూ తెచ్చారు. ఇదంతా చూసి మల్లమ్మ, "నా ఒక్క తలె కోసమని తమ్ముణ్ణి పోగొట్టుకుంటివి. తీసెయ్యరాదమ్మా" అంది. "ఎవలు చెప్పిండ్రు పోగొట్టుకున్ననని? ఏడికి పోయిండు? పంజాగుట్టల ఉన్నడు" అన్నారు వదినగారు. బతిమాలే వాళ్ళలో మాత్రం ఆవిడ కలవలేదు. వాకిలి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మూడో ఏడు ఆ కంచం ఆవిడకే వచ్చింది.

ఆవిడ పేరు చూసుకున్నారు. మార్చుకుంటే అడ్డుపడేవాళ్ళెవరూ లేరు. నేను నా కంచం అందించబోయాను కూడా. "ఎందుకు? నాకొక రూలు, మీకొక రూలా?" అని కసిరారు. రెండుసార్లు దగ్గారు. కంచంలో బగారన్నం, యాటకూర పెట్టించుకుని, పైన మూత వేసి, గొడుగు తీసుకుని వాకిట్లోకి వెళ్ళారు. అక్కడ ఆగలేదు. రోడ్డెక్కి పంజాగుట్ట దారి పట్టారు.

"వెంట పో" అన్నారు మా ఆయన. నేను పరుగులాంటి నడకతో వెళ్ళాను. బండరాళ్ళ మధ్య ఆ ఎర్రమట్టి దారిలో ఆవిడతో సమంగా నడవడం నా వల్ల కాలేదు. "ఎక్కడికండీ?" అంటే, "వాడు అలిగి ఇంటికి పోయిండు గద. నేను సుత ఇంటికే పోతున్న" అన్నారు.

బావగారు భోజనానికి కూర్చోబోతున్నారు. గుమ్మంలో అక్కను చూసి లేచి నిలబడిపోయారు. వదినగారు తిన్నగా లోపలికి వెళ్ళి, ఆయన కుర్చీలో కూర్చుని, కంచం ముందు పెట్టుకుని, ఆయన గొంతుతో, "మా అక్క మాట వినలే. తినకుండ వచ్చిన. ఆకలైతుంది" అని తినడం మొదలుపెట్టారు.

తోటికోడలు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. బావగారు గోడకు ఆనుకుని, అక్క తింటుంటే చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి, "మల్లమ్మ తలె ఇంక ఉన్నదా?" అన్నారు.

"ఉన్నది."

"తియ్యవా?"

"తియ్య. నీది సుత తియ్య."

వదినగారు కంచం ఖాళీ చేసి, కడిగి, చంకలో పెట్టుకుని బయల్దేరారు. గుమ్మం దగ్గర కూడా 'రా' అనలేదు. దారిలో నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాట, రమ్మని ఒక్క మాట అంటే ఏం పోయేదండీ?" అన్నాను. ఆవిడ గొడుగు నేలకు పొడిచి ఆగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రమ్మంటే నాకోసం వస్తడు పిల్లా. నాకోసం వచ్చుడు నాకు వద్దు" అన్నారు.

ఆ మరుసటి క్రిస్మస్‌కు అందరం కూర్చున్నాక, దుప్పటి తెరవబోతుంటే, వాకిట్లో రెండుసార్లు దగ్గు వినబడింది. బావగారు. వెనక తోటికోడలు. వదినగారు తలెత్తి చూసి, "కాళ్ళు కడుక్కొని రాండ్రి" అన్నారు, నిన్ననే చూసిన మనుషులతో అన్నట్టు. తోటికోడలు వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. బావగారు గోడవారగా చాప కొసన కూర్చున్నారు.

అప్పుడే పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ మల్లమ్మ వచ్చింది. ముసలిదైపోయింది, మోకాలు వంగడం లేదు. గోడకు ఆనుకుంటే తప్ప కూర్చోలేదు. గోడపక్క చోటు బావగారిది. ఆమె ఆయన ముందు నిలబడి, "జర జరుగు నాయనా. గోడ లేకుంటే కూసోనొస్తలేదు" అంది.

బావగారు అక్కవైపు చూశారు. అందరం ఆవిడవైపే చూశాం. నాలుక చివర ఆవిడకు ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడ చెప్పని రోజు లేదు. వదినగారు పెదవులు బిగించి, గరిటె రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డారు. నేను చూసినంతలో ఆవిడ నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

బావగారు జరిగారు. మల్లమ్మ ఆయన భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది.